ఆరు కంప్యూటర్లు, ఒకే టెసరాక్ట్: ఖాళీ గదిలో ప్యాకేజ్ బిల్డ్ చేసిన కేసు

2023 అక్టోబర్‌లో విజయవాడ ఏలూరు రోడ్డు దగ్గరి ఒక ప్రచురణ సంస్థ వాళ్లు పని ఉందని కబురు పెట్టారు. ఎప్పుడో వాళ్లే వేసిన పుస్తకాలు కొన్ని ఇప్పుడు అచ్చులో లేవు. ఫిల్ములు లేవు, డీటీపీ ఫైళ్లు లేవు, బీరువాలో ఒక్కొక్క కాపీ మిగిలింది. జనవరిలో పుస్తక మహోత్సవం నాటికి వాటిలో కొన్నయినా మళ్లీ తేవాలని వాళ్ల పట్టుదల. పేజీలు స్కాన్ చేయాలి, ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చాలి, ప్రూఫ్ దిద్దించాలి, తర్వాత డీటీపీకి పంపాలి. ఇందులో ఓసీఆర్ నడిపే భాగం నాది. చిన్న ఆఫీసులకు లినక్స్ మెషిన్లు చూసిపెట్టడం నా వృత్తి.

స్కానింగ్ గదిలో ఆరు కంప్యూటర్లున్నాయి. ఒకటి కోర్ ఐ5, మూడు దాదాపు అదే తరం ఐ3లు, రెండు బాగా పాత సెలెరాన్‌లు. అన్నిట్లోనూ డెబియన్ 11 అనే లినక్స్ ఉంది. స్కానర్ డ్రైవర్ దాని మీద నిలకడగా నడుస్తోంది కాబట్టి, గడువు దగ్గరపడుతుండగా ఓఎస్ మార్చే ఆలోచన ఎవరికీ లేదు, నాకూ లేదు. ఓసీఆర్‌కు మేం వాడే ప్రోగ్రామ్ పేరు టెసరాక్ట్. చిక్కల్లా డెబియన్ 11లో వచ్చేది దాని పాత వెర్షన్ 4.1.1 కావడం. టెసరాక్ట్ 5లో అక్షరాలు గుర్తుపట్టే న్యూరల్ నెట్‌వర్క్ లెక్కలను డబుల్ అనే పెద్ద దశాంశ సంఖ్యల బదులు, సగం చోటే పట్టే ఫ్లోట్ సంఖ్యల్లో చేస్తారు. మెమరీ తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. పాత మెషిన్ల మీద వేల పేజీలు నడపాలంటే ఆ తేడా చిన్నది కాదు. అందుకని సోర్స్ నుంచి, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూల కోడ్ నుంచి, 5.3ను నేనే బిల్డ్ చేద్దామనుకున్నాను, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా తయారు చేద్దామని. సోర్స్ కంపైల్ చేయడం నాకు కొత్త కాదు, రెండు రోజుల పని అని చెప్పాను. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి పని చేసే కుర్రాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు, నేను చేసినట్టే మొదలుపెడతారు.

మొదటి పది రోజులు

ముందు నా లాప్‌టాప్‌లో బిల్డ్ చేశాను. అందులో ఉబుంటు 22.04 ఉంది. అక్కడ చక్కగా నడిచింది. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి వాళ్ల మెషిన్‌లో పెడితే మొదటి ఎర్రర్: జీలిబ్‌సీ 2.34 వెర్షన్ దొరకలేదు.

ఇది చాలామందికి ఎదురయ్యేదే. జీలిబ్‌సీ అంటే లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే సీ లైబ్రరీ. లైబ్రరీ అంటే ప్రోగ్రాములు పంచుకునే రెడీమేడ్ కోడ్. ఉబుంటు 22.04లో అది 2.35, డెబియన్ 11లో 2.31. పాత దాని మీద బిల్డ్ చేసింది కొత్త దాని మీద నడుస్తుంది, కొత్త దాని మీద చేసింది పాత దాని మీద నడుస్తుందన్న హామీ లేదు. పైగా 2.34లో థ్రెడ్ల లైబ్రరీని ప్రధాన లైబ్రరీలో కలిపేశారు, ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఫంక్షన్‌కు కూడా కొత్త వెర్షన్ గుర్తు ఇచ్చారు. అందువల్ల 2.34 తర్వాతి సిస్టమ్‌లో మామూలుగా బిల్డ్ చేస్తే ఒక్క లైను ప్రోగ్రామ్ అయినా పాత సిస్టమ్‌లో తెరుచుకోదు.

సరే, అయితే వాళ్ల ఐ5 మెషిన్‌లోనే బిల్డ్ చేద్దామని కూర్చున్నాను. టెసరాక్ట్ బొమ్మలు చదవడానికి లెప్టోనికా అనే లైబ్రరీ వాడుతుంది. డెబియన్ 11లో ఉన్న లెప్టోనికాయే సరిపోయేది. అయినా కొత్తదైతే మంచిది కదా అని దాన్ని కూడా సోర్స్ నుంచే బిల్డ్ చేశాను. ఒక పీఎన్‌జీ ఫైలుతో పరీక్షించాను, బాగానే వచ్చింది. మర్నాడు స్కానింగ్ చేసే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ఒక్క పేజీ కూడా తీసుకోవట్లేదు." స్కానర్ ఇచ్చేవన్నీ టిఫ్ ఫైళ్లు. ఆ మెషిన్‌లో టిఫ్ లైబ్రరీ తాలూకు డెవలప్‌మెంట్ ప్యాకేజ్ (దాన్ని కలుపుకుని బిల్డ్ చేయడానికి కావలసిన ఫైళ్లు) లేదు. లేకపోతే లెప్టోనికా కాన్ఫిగర్ స్క్రిప్ట్ (బిల్డ్‌కు ముందు మెషిన్‌లో ఏమున్నాయో వెతికి చూసేది) ఆగదు, అరవదు. టిఫ్ చదివే ఫంక్షన్ స్థానంలో "ఫంక్షన్ నాట్ ప్రెజెంట్" అని చెప్పే ఖాళీ డొప్ప ఒకటి పెట్టి బిల్డ్ పూర్తి చేసేస్తుంది. బిల్డ్ విజయవంతం అనే మాట తెర మీద చూసి నేను లేచి వచ్చేశాను.

అది సర్ది మిగతా ఐదింటికీ కాపీ చేశాను. కొన్నింట్లో లిబ్‌ఆర్కైవ్ లేదని ఎర్రర్. నేను దాన్ని ఎప్పుడూ అడగలేదు. కానీ టెసరాక్ట్ కాన్ఫిగర్ స్క్రిప్ట్ లిబ్‌ఆర్కైవ్, లిబ్‌కర్ల్ మెషిన్‌లో ఉన్నాయా అని తనంతట తానే వెతుక్కుని, కనిపిస్తే కలుపుకుంటుంది. ఒకటి కుదించిన మోడల్ ఫైళ్లు చదవడానికి, రెండోది ఇంటర్నెట్ అడ్రస్ నుంచి నేరుగా బొమ్మ తీసుకోవడానికి. మాకు రెండూ అక్కర్లేదు. ఐ5లో వేరే పని కోసం ఎప్పుడో ఎవరో పెట్టిన ప్యాకేజీలు ఉన్నాయి, టెసరాక్ట్ వాటిని పట్టుకుంది.

అదీ సర్దాక రెండు సెలెరాన్‌లలో ప్రోగ్రామ్ తెరిచిన వెంటనే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని పడిపోయింది. వేగం కోసం, సోర్స్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్‌కు ఈ మెషిన్ ప్రాసెసర్‌కు తగ్గట్టుగా కోడ్ రాయమని ఒక ఫ్లాగ్ (ఆదేశం) ఇచ్చాను. ఐ5కు తెలిసిన ఏవీఎక్స్2 సూచనలు ఆ సెలెరాన్‌లకు తెలియవు. నిజానికి ఆ ఫ్లాగ్ అవసరమే లేదు. ప్రాసెసర్‌లో ఏముందో టెసరాక్ట్ నడిచేటప్పుడే చూసుకుని, భారీ లెక్కలకు తగిన కోడ్ ఎంచుకుంటుంది.

పదో రోజుకు ఆరూ నడిచాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ అసలు సమస్య ఆ తర్వాతే బయటపడింది, దాన్ని పట్టుకున్నది నేను కాదు.

మాస్టారు చెప్పిన మాట

ప్రూఫ్‌లు దిద్దేది రిటైరైన తెలుగు పండితులు ఒకరు. అందరూ మాస్టారు అనే పిలుస్తారు. ఏ కట్ట ఏ మెషిన్ నుంచి వచ్చిందో పైన నంబర్ వేసి ఆయన బల్ల మీద పెడతారు. ఒక సాయంత్రం నన్ను పిలిచి రెండు కట్టలు పక్కపక్కన పెట్టారు.

"బాబూ, మూడో సిస్టమ్ నుంచి వచ్చే పేజీల్లో తప్పులు వేరే రకంగా ఉంటున్నాయి. ఎక్కువా తక్కువా అని కాదు. రకం వేరు. ప్రూఫ్ దిద్దేవాడికి తప్పు ఎక్కడ వస్తుందో అలవాటైపోతుందయ్యా, కన్ను తిన్నగా అక్కడికే పోతుంది. ఈ కట్ట పట్టుకుంటే ఆ అలవాటు పనికిరావట్లేదు."

స్కానర్ అద్దం చూశాను, వెలుతురు చూశాను, టిఫ్ ఫైళ్ల రిజల్యూషన్ చూశాను. అన్నీ ఒకటే. టెసరాక్ట్ వెర్షన్ అడిగితే ఆరు మెషిన్లూ ఒకే నంబర్ చెప్తున్నాయి. ఆ రాత్రి బందరు రోడ్డు మీద ఇంటికి వెళ్తూ ఒకటే ఆలోచన: ఈ ఆరు మెషిన్లలో ఉన్నవి ఒకే ప్రోగ్రామ్ అని నేను నమ్ముతున్నాను, అంతే. నిరూపించమంటే నా దగ్గర ఏమీ లేదు. ఏ లైబ్రరీతో, ఏ ఫ్లాగ్‌తో, ఏ డేటా ఫైలుతో ఏ రోజు చేశానో రాసి లేదు. పది రోజుల్లో ఎన్నిసార్లు ఏం మార్చానో నాకే గుర్తులేదు.

అప్పుడు నిర్ణయించుకున్నాను, చేసినదంతా తీసేసి మొదటి నుంచి కట్టాలని.

ఖాళీ గది

డెబియన్ వాళ్లు వేల ప్యాకేజీలను (ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధంగా కట్టిన ప్రోగ్రాములను) ఎలా బిల్డ్ చేస్తారో అదే పద్ధతి పట్టుకున్నాను. డెబూట్‌స్ట్రాప్ అనే పనిముట్టు ఒక ఫోల్డర్‌లో కనీస డెబియన్ 11ను కట్టి ఇస్తుంది. సీ, సీ++ కంపైలర్లు, మేక్, సీ లైబ్రరీ హెడర్లు, ప్యాకేజ్ కట్టే పనిముట్లు, అంతే. ఎడిటర్ కూడా ఉండదు. సీహెచ్‌రూట్‌తో ఆ ఫోల్డర్‌నే మొత్తం ప్రపంచంగా చూపిస్తే, లోపల నడిచే ప్రోగ్రామ్‌కు బయట నా లాప్‌టాప్‌లో ఉన్న లైబ్రరీలు కనిపించవు. సీహెచ్‌రూట్ కొత్త సంగతేమీ కాదు, 1979 నాటి ఏడో వెర్షన్ యూనిక్స్ నుంచీ ఉంది. భద్రతకు అది గోడ అనుకోకూడదు, రూట్ అధికారం, అంటే మెషిన్ మీద పూర్తి అధికారం, ఉన్న ప్రోగ్రామ్ దాన్ని దాటి రాగలదు. నాకు కావలసింది భద్రత కాదు, ఖాళీ. ఎస్‌బిల్డ్ అనే పనిముట్టు ప్రతి బిల్డ్‌కూ ఆ గది తాజా నకలు తెరిచి, ప్యాకేజ్ ఫైలులో రాసిన డిపెండెన్సీలు (బిల్డ్‌కు కావలసిన ఇతర ప్యాకేజీలు) మాత్రమే అందులో పెట్టి, బిల్డ్ నడిపి, తర్వాత గదిని పారేస్తుంది. నిన్నటి బిల్డ్ తాలూకు ముక్క ఇవాళ మిగలదు. నా షెల్‌లో (కమాండ్లు టైప్ చేసే చోట) పెట్టుకున్న వేరియబుల్స్‌ను కూడా లోపలికి పోనివ్వదు, ఆ ప్రాసెసర్ ఫ్లాగ్ అలా దానంతట అదే పోయింది.

ఇదంతా సంస్థ యజమానికి చెప్పాలి, ఎందుకంటే ఇంకో పది రోజులు అడుగుతున్నాను. ఆయన శ్రద్ధగా విని, "అంటే మనింట్లో వంటకి చీటీ రాసేటప్పుడు ఉప్పు రాయం కదండీ, డబ్బాలో ఉంటుందని. అదే చీటీ కల్యాణ మండపానికి పంపిస్తే ఉప్పు లేకుండా వంటవుతుంది. అదేనా?" అన్నారు. అచ్చంగా అదే. బిల్డ్ డిపెండెన్సీల జాబితా సరుకుల చీటీ. అది పూర్తిగా ఉందో లేదో సొంత వంటింట్లో ఎన్నిసార్లు వండినా తెలియదు. ఖాళీ వంటింట్లో ఒక్కసారి వండితే తెలుస్తుంది.

డెబియన్ 12లో టెసరాక్ట్ 5.3.0 అప్పటికే ఉంది. దాని సోర్స్ ప్యాకేజ్ తీసుకుని మాకు అక్కర్లేనివి తీసేశాను. డిపెండెన్సీల చీటీని మాత్రం కావాలనే చెరిపేసి ఖాళీగా మొదలుపెట్టాను. ఒక్కొక్క సరుకూ ఎందుకు కావాలో నాకు తెలియాలి.

మొదటిసారి కాన్ఫిగర్ స్క్రిప్ట్ మధ్యలో "సింటాక్స్ ఎర్రర్" అని ఆగింది, లెప్టోనికా పేరున్న లైను దగ్గర. చూస్తే లెప్టోనికా లేదేమో అనిపిస్తుంది. అది కాదు, లేనిది పీకేజీ-కాన్ఫిగ్. లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే ఆ పనిముట్టుతో పాటు ఒక మాక్రో ఫైలు (కాన్ఫిగర్ స్క్రిప్ట్‌లోకి విస్తరించే అచ్చు ముక్కలు) వస్తుంది. అది లేకపోతే మాక్రో విస్తరించకుండా అలాగే షెల్ స్క్రిప్ట్‌లో మిగిలిపోతుంది, షెల్‌కు అది అర్థం కాదు. అలాంటి మాక్రోల సంకలనమైన ఆటోకాన్ఫ్-ఆర్కైవ్ లేనప్పుడూ ఇలాంటి ఎర్రరే వస్తుంది. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, సోర్స్ బిల్డ్‌లలో అర్థంకాని సింటాక్స్ ఎర్రర్ వస్తే ముందు వీటినే అనుమానించాలి. నా లాప్‌టాప్‌లో రెండూ ఏళ్ల తరబడి ఉన్నాయి, అందుకే ఎన్నడూ చూడలేదు.

తర్వాత లెప్టోనికా. ఈసారి డెబియన్ 11 సొంత ప్యాకేజీనే చీటీలో రాశాను. అందులో టిఫ్, పీఎన్‌జీ, జేపెగ్ అన్నీ ఉన్నాయి, భద్రతా సవరణలు డెబియన్ వాళ్లే పంపుతారు. మొదట్లో దాన్ని సోర్స్ నుంచి చేయడం నా వైపు నుంచి పూర్తిగా అనవసరమైన పని. సోర్స్ నుంచి బిల్డ్ చేయాల్సినవి ఎంత తక్కువైతే అంత మంచిది, ఈ విషయంలో నాకు ఇప్పుడు రెండో అభిప్రాయం లేదు.

లిబ్‌ఆర్కైవ్, లిబ్‌కర్ల్ గదిలో లేవు కాబట్టి టెసరాక్ట్ వాటిని కలుపుకోలేదు. అయినా కాన్ఫిగర్‌కు రెండూ వద్దని రాతపూర్వకంగా చెప్పాను. గదిలో లేదు కాబట్టి రాలేదు అనడం వేరు, వద్దన్నాం కాబట్టి రాలేదు అనడం వేరు. రేపు ఇంకొక డిపెండెన్సీ వెంట అవి గదిలోకి వచ్చినా ఫలితం మారకూడదు.

ఇలా తయారైన డెబ్ ఫైలులో, అంటే డెబియన్ ప్యాకేజ్ ఫైలులో, ఇంకో మేలుంది. తయారైన ప్రోగ్రామ్ ఏయే లైబ్రరీలను, వాటిలో ఏ వెర్షన్ గుర్తులను అడుగుతోందో డీపీకేజీ పనిముట్టు చదివి, ఆ జాబితాను ప్యాకేజీలోనే రాస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, డెబియన్‌లో ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఏపీటీ అది చూసి కావలసినవన్నీ తెస్తుంది, తేలేకపోతే ముందే ఆగుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు కాపీ చేసినప్పుడు ఈ లెక్క ఎవరూ చూడరు.

నెట్ తీసేసిన రోజు

అప్పటిదాకా గదికి ఇంటర్నెట్ ఉంది. డెబియన్ ప్రధాన ఆర్కైవ్‌లో ప్యాకేజ్ బిల్డ్ అయ్యేటప్పుడు నెట్‌వర్క్‌ను తాకకూడదని వాళ్ల పాలసీలోనే ఉంది. నిక్స్ లాంటి ఇతర ప్యాకేజ్ వ్యవస్థల్లో అయితే డౌన్‌లోడ్ చేసే ఫైలు హ్యాష్ (దానిలోని బైట్ల నుంచి లెక్కకట్టే గుర్తు సంఖ్య) ముందే రాసిపెడితే తప్ప నెట్ ఇవ్వరు. నేనూ గదికి వేరే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఇచ్చాను. లోపల లూప్‌బ్యాక్, అంటే మెషిన్ తనతో తాను మాట్లాడుకునే దారి, తప్ప ఏమీ లేదు.

బిల్డ్ చివర్లో ఆగిపోయింది. సర్వర్ పేరు దొరకలేదని ఎర్రర్. ఏ సర్వర్ అని చూస్తే, నా పాత ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నుంచి యథాతథంగా తెచ్చి పెట్టిన ఒక లైను. టెసరాక్ట్ తెలుగు అక్షరాలు గుర్తుపట్టడానికి వాడే మోడల్ డేటా ఫైలును నెట్ నుంచి దించే లైను.

ఆ లైను చూస్తూ కూర్చున్నాను. టెసరాక్ట్‌కు తెలుగు డేటా ఒకటి కాదు. బెస్ట్ అనే సెట్‌లో మోడల్ ఫ్లోట్ విలువలతో ఉంటుంది, నెమ్మది. ఫాస్ట్ అనే సెట్‌లో పూర్ణాంకాల్లోకి మార్చిన చిన్న మోడల్, డెబియన్ ప్యాకేజీలో ఇచ్చేదీ అదే. స్క్రిప్ట్‌లో ఇప్పుడున్నది ఫాస్ట్ అడ్రస్. కానీ మొదటి రోజు నేను పెట్టింది బెస్ట్. ముందుగా మూడో మెషిన్‌లో నడిపి, మరీ నెమ్మదిగా ఉందని అడ్రస్ మార్చి, మిగతా ఐదింటికీ ఫాస్ట్ వేశాను. మూడో దానికి మళ్లీ వేయలేదు.

వెంటనే మూడో మెషిన్ ముందు కూర్చున్న కుర్రాడికి ఫోన్ చేసి ఆ ఫైలు సైజు చదవమన్నాను. వేరే సైజు. మాస్టారి కన్ను పట్టుకున్నది అదే. ప్రోగ్రామ్ వెర్షన్ నంబర్‌లో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

ఇక్కడ ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఖాళీ గది ఒక్కటే ఉండి, నెట్ తెరిచి ఉంటే ఇది దొరికేది కాదు. నిశ్శబ్దంగా ఆ రోజు ఆ అడ్రస్‌లో ఏ ఫైలుంటే అది దిగేది. డాకర్ కంటైనర్‌లో (అదీ ఇలాంటి విడి గదే) బిల్డ్ చేస్తున్నాం కాబట్టి మాకు ఈ బాధ లేదని కొందరు మిత్రులు అంటారు. కంటైనర్ లోపల నెట్ నుంచి తాజా ఫైలు దించే లైను ఉన్నంతకాలం ఆ బాధ ఉంది.

తెలుగు డేటాను వేరే ప్యాకేజీగా చేశాను. ఫైలు సోర్స్‌తో పాటే ఉంటుంది, దాని షా256 హ్యాష్‌ను రాసిపెట్టాను, బిల్డ్ మొదట్లో సరిచూస్తుంది, తేడా వస్తే ఆగిపోతుంది.

రెండుసార్లు

చివరి పరీక్ష, ఒకే సోర్స్‌ను రెండుసార్లు బిల్డ్ చేసి రెండు డెబ్ ఫైళ్లనూ బైట్ బైట్ పోల్చడం. టెసరాక్ట్ ప్యాకేజ్ ఒకటిగానే వచ్చింది. డేటా ప్యాకేజ్ రాలేదు. డిఫోస్కోప్ అనే పనిముట్టు రెండు ప్యాకేజీలనూ విప్పి తేడా ఉన్న లైను చూపించింది: ఏ రోజు ఏ గంటకు బిల్డ్ అయిందో తెలియాలని నేనే రాయించిన ఒక టెక్స్ట్ ఫైలు. దాన్ని గడియారం నుంచి కాకుండా ప్యాకేజ్ మార్పుల చిట్టాలో ఉన్న తేదీ నుంచి తీసుకునేలా మార్చాను. మళ్లీ రెండుసార్లు చేస్తే రెండూ ఒకటే.

తర్వాత వాళ్ల ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఐ5 మీద చిన్న ఏపీటీ రిపాజిటరీ (ప్యాకేజీల గిడ్డంగి) పెట్టి, డిజిటల్ కీతో సంతకం చేసి, ఆరు మెషిన్లలో పాత ఫైళ్లన్నీ తుడిచి, ప్యాకేజ్ ఇన్‌స్టాల్ చేశాను. పాతవి తుడవడం ముఖ్యం. స్థానికంగా పెట్టిన లైబ్రరీలను డెబియన్ ముందుగా వెతుకుతుంది కాబట్టి అదే పేరున్న పాత టెసరాక్ట్ లైబ్రరీ అక్కడే ఉంటే కొత్త టెసరాక్ట్ దాన్నే పట్టుకునేది.

మాస్టారి చేత నలభై పేజీలు ఎంపిక చేయించాను. వాలిన పేజీలు, మసకబారిన సిరా, పద్యాలు, పట్టికలు. ఆరు మెషిన్లలోనూ నడిపి ఫలితాలు పోల్చాం. సెలెరాన్‌ల విషయంలో నాకు టెన్షన్‌గానే ఉంది, ఎందుకంటే ఒక్కో ప్రాసెసర్‌లో లెక్కకు వాడే సూచనలు వేరైతే దశాంశాల చివర సర్దుబాట్లు మారొచ్చు. మా నలభై పేజీల్లో మాత్రం ఒక్క అక్షరం తేడా రాలేదు. మూడో మెషిన్‌లో అంతకుముందు చేసిన కట్టలన్నీ మళ్లీ నడిపించారు. ఆ ఖర్చు నా బిల్లులోంచి తగ్గించుకున్నాను.

పుస్తకాలు కొన్ని జనవరికి వచ్చాయి, కొన్ని ఫిబ్రవరికి జరిగాయి.

మార్చి 29న

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీలో దొంగ దారి ఉందని బయటపెట్టారు. 5.6.0, 5.6.1 వెర్షన్లు. ఆ దొంగ కోడ్‌ను మేల్కొలిపే మాక్రో ఫైలు సోర్స్‌లో జరిగే ప్రతి మార్పూ నమోదయ్యే గిట్ రిపాజిటరీలో లేదు, విడుదల చేసిన టార్ ఫైలులో (సోర్స్ కట్టలో) మాత్రమే ఉంది. డెబియన్ స్థిర విడుదలలకు అది చేరలేదు కాబట్టి మా మెషిన్లకు ఏమీ కాలేదు. కానీ ఆ వార్త చదివాక నేను చేసిన పనిని మళ్లీ మొదటి నుంచి చూశాను. ఖాళీ గదికి సోర్స్ మంచిదా చెడ్డదా తెలియదు. విషం ఇస్తే విషాన్నే శుభ్రంగా, రెండుసార్లూ ఒకేలా కట్టి ఇస్తుంది. టెసరాక్ట్ సోర్స్‌ను గిట్‌లోని అదే విడుదల గుర్తుతో ఫైలు ఫైలుగా పోల్చడం ఆ వారమే నా పద్ధతిలో చేర్చాను. అంతకుముందు అది చేయలేదు.

ఈ పద్ధతికి ఖర్చేమీ లేదని చెప్పను. ప్రతి బిల్డ్‌కూ డిపెండెన్సీలు మళ్లీ పెట్టాలి. మా ఇంటి నెట్ మీద అది విసుగు పుట్టించేది, ఏపీటీ ప్యాకేజీలను లోకల్‌గా దాచే క్యాష్ సర్వర్ పెట్టాక నిమిషాల్లోకి వచ్చింది. ప్యాకేజింగ్ ఫైళ్లు రాయడం నేర్చుకోవాలి. ఒకే ఒక్క మెషిన్ మీద, ఒక్క వారం వాడే ప్రోగ్రామ్‌కైతే నేనూ ఇంత చేయను. రెండో మెషిన్ వచ్చిందంటే మాత్రం చేస్తాను.

మే నెలలో కరెంటు వస్తూ పోతూ ఉండగా నాలుగో మెషిన్ హార్డ్ డిస్క్ పోయింది. నేను గుంటూరులో వేరే పని మీద ఉన్నాను. స్కానింగ్ కుర్రాడు కొత్త డిస్క్ వేయించి, డెబియన్ ఎక్కించి, రిపాజిటరీ అడ్రస్ ఇచ్చి, రెండు ప్యాకేజీలు తనే ఇన్‌స్టాల్ చేసుకున్నాడు. ఆ నలభై పేజీలు నడిపి, పాత ఫలితంతో పోల్చి, ఫోన్ చేశాడు. "అన్నా, తేడా ఏమీ చూపించట్లేదు. ఖాళీగా వచ్చింది. కరెక్టేనా?"

కరెక్టే అన్నాను. కట్ట మాస్టారి బల్ల మీద పెట్టమన్నాను.